పొడపత్రి సారం రంగు వల్ల రీడింగ్ తేడా వస్తోంది, ఎవరైనా చెప్పగలరా?

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. పిండిపదార్థాన్ని గ్లూకోజ్‌గా విడగొట్టే ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఎంజైమ్‌ని పొడపత్రి ఆకు సారం, మా ల్యాబ్‌లో తయారైన చాల్కోన్ అనే ఒక రసాయనం ఎంతవరకు ఆపుతాయో చూడటం నా ప్రాజెక్టు.

ఆకు చంద్రగిరి దగ్గర మా చేని కంచె మీది తీగదే. అది నమిలి చక్కెర వేసుకుంటే నోట్లో ఇసుక పోసుకున్నట్టే, తీపి తెలియదు. షుగర్ ఉన్న మా నాయన మాత్రలు మానేసి ఇదే తింటానంటున్నారు. టెస్ట్‌ట్యూబ్‌లో పనిచేసినంత మాత్రాన ఒంట్లో పనిచేస్తుందని కాదు కదా. అందుకే లెక్క తప్పుగా రాకూడదని నా తాపత్రయం.

ఎంజైమ్ పనిని కొలవడానికి వాడే పీఎన్‌పీజీ అనే పదార్థం విడిపోతే వచ్చే పసుపు రంగును 405 నానోమీటర్ల దగ్గర చదువుతాం. సారం తానే పచ్చగా ఉంది. ఎంజైమ్ వేయని బ్లాంక్‌ని ప్రతి డోసుకూ విడిగా చదివి లెక్కలోంచి తీసేస్తున్నాను, అయినా పై డోసుల్లో రీడింగులు నిలకడగా లేవు. ఆకులోని వగరు పదార్థాలైన టానిన్లు ఎంజైమ్‌కి ఊరికే అతుక్కుంటున్నాయా అని అనుమానం. టానిన్లను పట్టేసే పీవీపీపీ పొడితో వాటిని ముందే తీసేస్తే అసలు మందు గుణం కూడా పోతుందా? చాల్కోన్‌ది వేరే తంటా, డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగి, ఎంజైమ్ పనిచేసే నీటి ద్రావణం (బఫర్)లో పడగానే మసకబారుతోంది.

ఇంకొకటి. ఈస్ట్ ఎంజైమ్‌ మీద ఇదే రకం ఎంజైమ్‌ని ఆపే షుగర్ మందు అకార్బోస్ బలహీనంగా పనిచేస్తుంది కాబట్టి, దానికంటే మా సారం మేలని రాయడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. ఎలుక పేగు పొడి ఎంజైమ్‌తో చేసినవాళ్లు ఉంటే, దాన్ని ఎలా తీశారో దయచేసి చెప్పండి.