క్యాన్సర్ ఆస్పత్రిలో దారి చూపడానికి నర్సే కావాలా?

కాకినాడ కాజా:
మా పెద్దమ్మకి బుగ్గ క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలన్నారు. తీరా రేడియేషన్ ఇచ్చేప్పుడు తల కదలకుండా వేసే మాస్క్ కొలతలకి వెళ్తే "పళ్ళ డాక్టర్‌కి చూపించారా?" అని అడిగారు. పుచ్చుపళ్ళు పీకించి, చిగుళ్ళు మానేదాకా ఆగాలట. రేడియేషన్ వాళ్ళు చెప్తారని సర్జన్ అనుకున్నాడు, సర్జన్ చెప్పేసుంటాడని వీళ్ళు అనుకున్నారు, మధ్యలో మేం వెర్రిమొహాలు వేసుకుని కూర్చున్నాం. అమెరికాలో ఇలాంటివి చూసుకోడానికి నర్స్ నేవిగేటర్ అని, రోగికి దారి చూపే నర్సు ఉంటుంది. మన దగ్గర ఎందుకు పెట్టరు?

నైట్ డ్యూటీ సిస్టర్:
పెడతారండీ, వార్డులో ఉన్న నన్నే తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెడతారు. కీమో డే కేర్‌లో సెలైన్ మార్చడానికే మనుషులు చాలక ఛస్తున్నాం. అసలు 1990లో న్యూయార్క్ హార్లెమ్ ఆస్పత్రిలో డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు నర్సులనే పెట్టాలనలేదు, ఆ పేట మనుషులే రోగుల వెంట తిరిగారు. అక్కడ రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళలో ఐదేళ్ళు బతికేవాళ్ళు 39 శాతం నుంచి 70 శాతానికి పెరిగారు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు నడిపే 'కేవట్' నేవిగేటర్ కోర్సు కూడా నర్సులకి మాత్రమే కాదు.

డాలస్ బాబాయ్:
ఆ 70 అంతా నేవిగేటర్ల ఖాతాలో వెయ్యకండి సిస్టర్. ఫ్రీగా, తక్కువ ఖర్చుతో మామోగ్రామ్‌లు కూడా తీశారు, జబ్బు ముందే దొరికింది. ఇక్కడ అమెరికాలో మెడికేర్ (పెద్ద వయసువాళ్ళ ప్రభుత్వ బీమా) 2024 నుంచి ఈ పనికి విడిగా డబ్బులిస్తోంది, నర్సు కానివాళ్ళు చేసినా సరే, ట్రైనింగ్ ఉండాలంతే.

వరంగల్ పిల్లగాడు:
మనకు ఆరోగ్యమిత్ర ఉన్నడు కదా అన్నా, ఆయనకే ఇంకొంచెం నేర్పిస్తే అయిపోతది.

కాకినాడ కాజా:
మిత్ర కార్డు చూస్తాడు, అప్రూవల్ వచ్చిందో లేదో చెప్తాడు, కాదనను. కీమో అయిన పదో రోజు రాత్రి 101 జ్వరం వచ్చిందనుకోండి. డోలో వేసి పడుకోబెట్టాలా, ఆటో ఎక్కించాలా? తెల్లకణాలు పడిపోయే టైమ్ అది, తెల్లారేదాకా ఆగితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ ఫోన్ ఎత్తేది నర్సు అయితేనే నాకు ధైర్యం.

నైట్ డ్యూటీ సిస్టర్:
జ్వరం విషయంలో మీ మాట కరెక్టే. బయాప్సీ బ్లాకులు (పరీక్షకి తీసి మైనంలో దాచిన ముక్కలు) ఎక్కడున్నాయి, స్కాన్ డేట్ ఎప్పుడు, బస్ పాస్ ఎలా అనేవి మిత్రకో ట్రైనింగ్ అయినవాళ్ళకో ఇచ్చి, మందుల సంగతి, జ్వరం, వాంతులు మాకు వదిలితే ఒప్పుకుంటా. కానీ అది వార్డు డ్యూటీకి అదనంగా అంటగట్టకూడదు, వేరే పోస్టు ఉండాలి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్‌కీ కీమోకీ ప్యాకేజీ రేట్లున్నాయి. ఫోన్ ఎత్తే నర్సు జీతం ఏ లెక్కలోంచి వస్తుందో చెప్పండి, ముందు నేనే అప్లై చేస్తా.