భద్రాచలంలో 43 అడుగులంటే మా లంకకి ఎంత?

లంక అమ్మాయి:
అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో గోదావరి వశిష్ఠ పాయ మీద ఒక లంక. నాన్న వేటకెళ్తారు, అమ్మ కాస్త కూరగాయలు పండిస్తుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. జూలై వచ్చిందంటే నాకు టెన్షన్ మొదలు. టీవీలో ‘భద్రాచలం వద్ద 43 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక’ అని స్క్రోలింగ్ రాగానే ఇంటికి ఫోన్ చేస్తాను. ఒక ఏడాది నాన్న ‘రేవులో మెట్లన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, నువ్వు పడుకో’ అన్నారు. ఇంకో ఏడాది అదే అంకెకి కాజ్‌వే మునిగిపోయి, పాలప్యాకెట్లు కూడా పడవ మీద తెచ్చుకున్నారు. అంకె ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? దానికితోడు యాప్‌లో భద్రాచలం మట్టం 45 మీటర్లకు పైన అని చూపిస్తోంది. 45 మీటర్లంటే దాదాపు 150 అడుగులు కదా! ఏది నమ్మాలి?

ఇంకో మాట. పులసల కాలంలో ప్రభుత్వ పరిశోధన సంస్థవాళ్ళు రేవుకొచ్చి చేపల పొడుగు, బరువు కొలుస్తారు, పొలుసులు తీసి కవర్లో వేసుకుంటారు. ‘ఈ కొలతల వల్ల మాకేం ఒరిగింది?’ అని నాన్న అడుగుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్తే ఆయనకి చదివి వినిపిస్తాను.

గేజి మనిషి:
అమ్మా, నేను గోదావరి మీద కేంద్ర జల సంఘం సైట్లలో పనిచేసి రిటైరయ్యాను. ముందు నీ మీటర్ల భయం తీరుస్తాను. టీవీ చెప్పే 43 అడుగులు భద్రాచలం గేజి, అంటే నీటి ఎత్తు చూపే కొలత పలక, దాని మీద సున్నా నుంచి లెక్క. యాప్ చూపించేది సముద్రమట్టం నుంచి లెక్క. ఆ గేజి సున్నా సముద్రమట్టానికి సుమారు 32.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అందుకే 43 అడుగులకి యాప్‌లో 45.72 మీటర్లు, మూడో హెచ్చరిక 53 అడుగులకి 48.77 మీటర్లు కనిపిస్తాయి. నీళ్ళు అవే, లెక్క మొదలుపెట్టిన చోటు వేరు.

ఇక అసలు సంగతి. మీ లంక ధవళేశ్వరం బ్యారేజీకి దిగువన ఉంది. మీకు భద్రాచలం అంకె ముందస్తు కబురు మాత్రమే. అక్కడి నీళ్ళు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఈలోగా కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఆ నీళ్ళు భద్రాచలం గేజి మీద పడవు, ఎందుకంటే కలిసేది దానికి దిగువన. శబరి మామూలుగా ఉన్నప్పుడు 43 అడుగులు వేరు, ఛత్తీస్‌గఢ్, ఒడిశా కొండల్లో కుండపోత కురిసి శబరి పొంగినప్పుడు 43 వేరు. వరదప్పుడు కోంటా దగ్గర శబరి మట్టం కూడా చూసుకో.

ఇంకొకటి, ఇది టీవీలో ఎవరూ చెప్పరు. ఒకే మట్టం దగ్గర వరద పెరిగేటప్పుడు పోయే నీళ్ళు ఎక్కువ, తగ్గేటప్పుడు తక్కువ. ఎక్కే వరదలో నీటి వాలు ఎక్కువ, వేగం ఎక్కువ. అందుకే ‘43 అడుగులు’ అని వినగానే, పెరుగుతూ 43కి వచ్చిందా, తగ్గుతూ వచ్చిందా అని అడగాలి.

అడుగులు వేరు, క్యూసెక్కులు వేరు. గేజి చెప్పేది ఎత్తు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు పోవడం. ఎన్ని నీళ్ళు పోతున్నాయో తెలియాలంటే నది మధ్యకి వెళ్ళి కొలవాలి. నది వెడల్పుని భాగాలు చేసి, ఒక్కో భాగంలో లోతు చూసి, నీటి పైనుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గరికి కరెంట్ మీటర్, అంటే నీటి వేగం కొలిచే పరికరం, తీగతో దించుతాం. దాని కప్పులు గిర్రున తిరుగుతాయి, ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టి వేగం తీస్తాం. ఆ తీగ కిందనే సీసంతో చేసిన బరువు వేలాడుతుంది, అచ్చం చేప ఆకారం, తోకతో సహా. ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి కదలకుండా నిలబడుతుంది. అలా ఏళ్ళ తరబడి కొలిచి ఏ మట్టానికి ఎన్ని క్యూసెక్కులో గీత గీస్తారు, రేటింగ్ కర్వ్ అంటాం. వరదలో నది అడుగు కోసుకుపోతే, మేట వేస్తే ఆ గీత మారిపోతుంది, మళ్ళీ కొలవాలి. మామూలు రోజుల్లో వేళకి గేజి చదివితే సరిపోతుంది, వరదలో గంట గంటకీ చదవాలి. రాత్రిపూట గేజి పలక మీద టార్చి వేస్తే నీరు ఒక్కచోట నిలవదు, అల పైకి పోతుంది, కిందికి జారుతుంది. రెండూ చూసి మధ్యది రాయాలి. సెంటీమీటర్లలోనే కదా అని తొందరపడకూడదు. ఆ అంకె మీద ఎన్నో ఊళ్ళు కదులుతాయి. ఇప్పుడు సెన్సార్లు, శాటిలైట్ టెలిమెట్రీ వచ్చాయి, మంచిదే. కానీ చెట్టు కొట్టుకొచ్చి సెన్సారుని ఎత్తుకుపోయిన రోజున మళ్ళీ మనిషి, టార్చి, గేజి పలకే దిక్కు.

అడుగులు ఒక్కటే చూస్తే ఎంత తికమకో 1986, 2022 వరదలు చూడు. 1986 ఆగస్టులో భద్రాచలం 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. తేడా నాలుగు అడుగుల పైచిలుకు. అదే ధవళేశ్వరం దగ్గర 1986లో 35 లక్షల క్యూసెక్కుల పైన పోతే, 2022లో సుమారు 25.8 లక్షలు. తేడా తొమ్మిది లక్షలు! నది నిండుగా పారుతున్నప్పుడు పైనున్న ఒక్కో అడుగులో ఎన్ని నీళ్ళు ఉంటాయో ఊహించుకో.

అందుకని మీరు చూడాల్సింది ధవళేశ్వరం డిశ్చార్జి, అంటే బ్యారేజీ నుంచి కిందికి పోయే నీళ్ళ లెక్క. 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. పెద్ద వరదలో గేట్లన్నీ ఎత్తేస్తారు, బ్యారేజీ ఆ నీళ్ళని దాచుకోలేదు, వచ్చిందంతా మీవైపే. పౌర్ణమి, అమావాస్య పోటు కూడా కలిస్తే నీళ్ళు సముద్రంలోకి త్వరగా దిగవు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. మీ రేవులో గట్టి కాంక్రీటు గోడ మీద గుర్తులు పెట్టించు. వరద వచ్చినప్పుడల్లా నాన్నగారు తేదీ, వేళ, ఏ గుర్తు దాకా నీళ్ళు వచ్చాయో నోటుబుక్కులో రాయాలి. పక్కన ఆవేళ ధవళేశ్వరం డిశ్చార్జి నువ్వు రాయి. అక్కణ్ణుంచి మీకు ఎన్ని గంటల్లో చేరుతోందో కూడా తేలుతుంది. కొన్ని వరదలయ్యాక 12 లక్షలంటే కాజ్‌వే సంగతేంటో మీకు మీరే చెప్పగలరు. ఏ ఆఫీసులోనూ మీ రేవు లెక్క లేదమ్మా, అది మీరే తయారుచేసుకోవాలి.

కూనవరం కుర్రాడు:
శబరి గురించి పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. మాకు ఇంకో బాధ. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్ళు కలవలేక వెనక్కి తంతాయి, ఎగపోటు. దాంతో చింతూరు దాకా రోడ్లు మునుగుతాయి. వాన మా దగ్గర లేకపోయినా మునుగుతాం.

చేపల చదువు:
నేను ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివాను, పులస ప్రశ్నకి నేను చెప్తాను. పొలుసు మీద వలయాలు ఉంటాయి, వాటిని బట్టి చేప వయసు అంచనా వేస్తారు. కడుపు చూసి గుడ్డు ఏ దశలో ఉందో రాసుకుంటారు. ఈ రెండూ తెలిస్తే చేప ఎప్పుడు, ఎక్కడ గుడ్డు పెడుతోందో, పిల్లలు ఎప్పుడు సముద్రానికి దిగుతున్నాయో తెలుస్తుంది. మన పులస సముద్రం నుంచి ఎర్రనీళ్ళకి ఎదురీదుతూ వచ్చే చేప. ధవళేశ్వరం దగ్గర దారి మూసుకుపోతుంది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక అలాగే అయింది, అంతకుముందు ఈ చేప అలహాబాద్ దాటి పోయేది. ఇప్పుడు బ్యారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థవాళ్ళు ఫరక్కా ఎగువన చేపల్ని వదులుతున్నారు, కొన్నిటికి ట్యాగు కట్టి ఎక్కడిదాకా పోతున్నాయో చూస్తున్నారు.

మీ నాన్నగారికి బంగ్లాదేశ్ సంగతి చెప్పండి. అక్కడ ఇవే కొలతలు తీసి, గుడ్డు పెట్టే రోజుల్లో 22 రోజులు వేట ఆపించారు, పిల్లచేపల్ని పట్టడం నిషేధించారు, వేట లేని రోజులకి జాలర్లకి బియ్యం ఇచ్చారు. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న ఇలిష్ (మన పులసకి అక్కడి పేరు) ఉత్పత్తి 2017-18కి 5 లక్షల టన్నులు దాటింది. కొలత ఒక్కటే చేపని పెంచదు, దాని మీద నిర్ణయం తీసుకుంటేనే పెరుగుతుంది. మీ నాన్నగారు అడగడంలో న్యాయం ఉంది. చేప ఇచ్చిన మనిషికి ఫలితం చెప్పాలి. ఈసారి వాళ్ళు రేవుకి వచ్చినప్పుడు ‘పోయినేడాది లెక్క ఏం తేలిందో తెలుగులో చెప్పండి’ అని అడగమనండి.

లంక అమ్మాయి:
బాబాయ్ గారూ, అన్నయ్యా, రెండూ నాన్నకి చదివి వినిపించాను. బంగ్లాదేశ్ బియ్యం మాట రెండుసార్లు చదివించుకున్నారు. గుర్తులు మా ఇంటి ముందు కరెంటు స్తంభం మీద పెట్టొచ్చా? నోటుబుక్కులో మొదటి పులస ఏ రోజు పడిందో కూడా రాస్తానంటున్నారు, పనికొస్తుందా?

గేజి మనిషి:
కరెంటు స్తంభం వద్దమ్మా, వరదలో దాని దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. కాజ్‌వే పక్క గోడ గానీ, గుడి అరుగు గానీ చూడండి. ఎనామిల్ పెయింటుతో పది సెంటీమీటర్లకి ఒక గీత, కింది గీతకి సున్నా. పులస తేదీ తప్పకుండా రాయమను, పక్కన ఆ రోజు ధవళేశ్వరం డిశ్చార్జి కూడా.