అమ్మకి కీమో అయ్యాక ఎస్‌జీపీటీ 148: జబ్బు లివర్‌కి పాకిందంటారా?

పాలకొల్లు అబ్బాయి:
అమ్మకి 61. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయి ఐదు నెలలు. క్యాన్సర్ తిరిగి రాకుండా రోజూ టామాక్సిఫెన్ 20 మి.గ్రా. వేసుకుంటోంది. మొన్న లివర్ రక్తపరీక్ష (ఎల్‌ఎఫ్‌టీ) రిపోర్టులో ఎస్‌జీపీటీ 148, ఎస్‌జీఓటీ 96, ఏఎల్‌పీ 104, బిలిరుబిన్ 0.9. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అని రాశారు. నీరసం, ఆకలి లేదు. పెద్దవాళ్లు పసరు వేయిద్దామంటున్నారండి.

భీమవరం ల్యాబ్:
ఒక్క అంకె చూసి పాకిందనుకోకండి. లివర్ కణాలు దెబ్బతింటే పెరిగేది ఎస్‌జీపీటీ. 40 దగ్గర ఉండాల్సింది మూడున్నర రెట్లు దాటింది. గడ్డలు పాకినా, పైత్యనాళం మూసుకున్నా మామూలుగా ముందు లేచేవి ఏఎల్‌పీ, జీజీటీ అనే ఎంజైములు. అమ్మగారి ఏఎల్‌పీ బాగానే ఉంది. అలాగని ఈ రక్తపరీక్షతోనే పాకలేదని తేల్చలేం, అనుమానం ఉంటే కాంట్రాస్ట్ సీటీ (మందు ఎక్కించి తీసే స్కాన్) తీస్తారు. టామాక్సిఫెన్‌తో లివర్‌లో కొవ్వు పేరుకోవడం తరచూ ఉండేదే, షుగర్ ఉంటే మరీను. అల్బుమిన్, పీటీ ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసేది) చేయించారా? లివర్ ఎంత పని చేస్తోందో చెప్పేవి అవి.

కాకినాడ ఫార్మసిస్ట్:
ఫ్యాటీ లివర్ అన్నారు కదా అని అక్కడితో ఆగొద్దు. కీమోకి ముందు లివర్‌కి సోకే హెపటైటిస్ బి వైరస్ పరీక్షలేం చేశారో పాత ఫైల్లో చూడండి. ఇప్పుడు వైరస్ ఉందేమో చూసే హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్ వచ్చినా, ఎప్పుడైనా సోకిందేమో చూసే యాంటీ హెచ్‌బీసీ టోటల్ పాజిటివ్ అయితే వైరస్ లివర్‌లో అణగి ఉండొచ్చు. కీమో, దాంతో ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ దాన్ని లేపుతాయి. కీమో ముగిశాక నెలలకి, ఒంట్లో రోగనిరోధక శక్తి తిరిగొచ్చి వైరస్ మీద పడినప్పుడు కూడా ఎస్‌జీపీటీ ఎగబాకుతుంది. రెండు పరీక్షల్లో ఏది పాజిటివ్ వచ్చినా రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే హెచ్‌బీవీ డీఎన్ఏ పరీక్ష చేయించాలి. వైరస్‌ని అణిచే ఎంటెకవిర్, టెనోఫోవిర్ లాంటి మందులున్నాయి, ఆలస్యం చేస్తేనే ప్రాణం మీదికొస్తుంది.

పసరు మాత్రం దయచేసి వద్దండి. అందులో ఏం కలిపారో ఎవరికీ తెలియదు. మంచిదని వాడే తిప్పతీగతోనే లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలో నమోదయ్యాయి. టామాక్సిఫెన్ కూడా మీ అంతట మీరు ఆపకండి.

పాలకొల్లు అబ్బాయి:
ఫైల్లో హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే ఉందండి, నెగెటివ్. ఒళ్లునొప్పులకి పారాసిటమాల్ 650 రోజుకి నాలుగు వేస్తున్నాం. పథ్యమని చారన్నమే పెడుతున్నాం.

కాకినాడ ఫార్మసిస్ట్:
నాలుగంటే 2.6 గ్రాములు. డాక్టరు చూసేదాకా 2 గ్రాములు దాటకూడదు, అంటే మూడుకి మించొద్దు. జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉంటుంది, అదీ లెక్కలోకే వస్తుంది. దానికి బదులని నిమెసులైడ్ మాత్రం ఇవ్వకండి, అది లివర్‌కి ఇంకా చేటు.

చారన్నంతో కండ కరిగి నీరసం పెరుగుతుంది. పప్పు, గుడ్డు, చేపల పులుసు పెట్టండి. కాళ్లవాపు, పొట్టలో నీరు ఉంటే ఆవకాయ, ఎండుచేపలు మానాలి.

యాంటీ హెచ్‌బీసీకి రక్తం రేపే ఇవ్వండి, వారంలో ఎల్‌ఎఫ్‌టీ మళ్లీ చేయించండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, పగలు మగత, రాత్రి మెలకువ, మాట తడబాటు, నల్ల విరేచనం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందులన్నీ, ఆకుమందులతో సహా, సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి.