వెయిటేజీ వేస్తే ర్యాంకులు తలకిందులవుతున్నాయి, ఎవరైనా చూడండి

గోదారిగట్టు: పొద్దుట్నుంచీ దీంతోనే సరిపోయింది. ఇంటర్ పాసైన పిల్లలకి మా పూర్వ విద్యార్థుల సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులివి. మార్కులకి 40, కుటుంబ ఆదాయానికి 40, వ్యాసానికి 20 వెయిటేజీ. ఎక్సెల్‌లో సమ్‌ప్రొడక్ట్ (ఒక్కో అంకెని దాని వెయిటేజీతో గుణించి మొత్తం కూడే ఫార్ములా) పెట్టా. పైకి డబ్బున్నోళ్ళే వస్తున్నారు! ఫార్ములాలో తప్పేం లేదు.

లెక్కలబడి: ఆదాయం కాలమ్‌లో రూపాయలేనా?

గోదారిగట్టు: అవునండీ. మార్కులు 1000కి, వ్యాసం 5కి. అందరూ అలాగేగా వేసేది?

లెక్కలబడి: అదే రోగం. 1,80,000లో 40 శాతం 72,000. 940 మార్కుల్లో 40 శాతం 376. ఇక మార్కులు ఎక్కడ కనబడతాయి? అన్నీ 100కి తెండి, ఆదాయాన్ని తిరగెయ్యండి. పరిమితి 2,50,000 అయితే అందులోంచి ఆదాయం తీసేసి, 2,50,000తో భాగించి, 100తో గుణించండి. లక్ష వాళ్ళకి 60, రెండు లక్షల వాళ్ళకి 20 వస్తాయి.

సరళరేఖ: అసలు వెయిటేజీ అనేదే దండగ. తెలంగాణ ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకిచ్చే 25 శాతాన్ని 2023లో ఎత్తేశారు. ఒక్కో బోర్డు ఒక్కోలా మార్కులేస్తుంటే ఎలా కలుపుతారు?

లెక్కలబడి: అది సీటు, ఇది స్కాలర్‌షిప్. పక్కకి లాగకండి.

పట్టిక: 100కి తెస్తేనే అయిపోదు. మార్కులు 900-980 మధ్యే ఉంటే 100కి 90-98. తేడా 8, అందులో 40 శాతం 3.2. ఆదాయాలు 50,000 నుంచి 2,50,000 దాకా ఉంటే అక్కడ తేడా 80, వెయిటేజీ వేశాక 32. కాగితం మీద 40-40, నడిచేది మాత్రం ఆదాయమొక్కటే. అర్హత మార్కు 600 అయితే దాన్ని సున్నా చేసి, 1000ని 100 చెయ్యండి. 900కి 75, 980కి 95. తేడా 20, వెయిటేజీ వేశాక 3.2 కాస్తా 8 అవుతుంది. వ్యాసాన్ని ఊరికే 20తో గుణిస్తే 1 వచ్చినవాడికీ 20 ఉచితం. ఒకటి తీసేసి 25తో గుణించండి.

సరళరేఖ: దీన్ని నార్మలైజేషన్ అంటారు, వెయిటేజీ కాదు.

పట్టిక: రెండూ కావాలి సార్. మొదట అది, తర్వాత ఇది.

గోదారిగట్టు: ఇప్పుడు కొందరికి వాల్యూ ఎర్రర్!

లెక్కలబడి: "1,20,000/-" అని కొట్టుంటారు. అది అంకె కాదు, అక్షరాల కింద లెక్క. సమ్‌ప్రొడక్ట్ దాన్ని సున్నా అనుకుని ఊరుకుంది, తీసివేత పెట్టగానే బయటపడింది. ఫైండ్-రీప్లేస్‌తో ఆ గీతలు తీసేయండి. ఆదాయం గడి ఖాళీగా వదిలినవాళ్ళని కూడా చూసుకోండి. ఖాళీ అంటే సున్నా, సున్నా ఆదాయానికి 100కి 100. వాళ్ళని పక్కనపెట్టి ఆదాయ ధృవీకరణ పత్రం అడగండి.

గోదారిగట్టు: ఖాళీలు నలుగురున్నారు, నలుగురూ పైనే! సరైంది, థ్యాంక్సండీ.

పట్టిక: వ్యాసాలన్నీ ఒక్కరే దిద్దారా? ఒకరు 2-3, ఇంకొకరు 4-5 వేసేవాళ్ళయితే ఆ కాలమ్ కూడా తేడాగానే ఉంటుంది.