లెవెల్ 17 పార్టీ ముందు ఏ విలనూ నిలబడట్లేదు, సెషన్ ఎలా డిజైన్ చేయాలి?

పటమట_డీఎం:
అందరికీ నమస్తే. విజయవాడ పటమటలో మా ఫ్రెండ్ వాళ్ల మేడ మీద ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటాం, పాచికలు వేస్తూ పాత్రలుగా కథ ఆడే ఆట. కథ నడిపే డీఎంని నేను. ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలు. మొదటి లెవెల్ నుంచి నడిపిన క్యాంపెయిన్ ఇప్పుడు 17కి వచ్చింది. పార్టీలో నలుగురు: ఫైటర్, పాలడిన్ (దైవభక్తి ఉన్న యోధుడు), క్లెరిక్ (పూజారి), విజార్డ్ (మాంత్రికుడు). కథ జరిగేది మన కృష్ణా తీరంలాంటి లోకంలోనే. కొండపల్లి ఖిల్లాలో ఒక లిచ్ (చచ్చినా బతికున్న మాంత్రికుడు) కూర్చుని కింద ఊళ్లన్నీ ఏలుతుంటాడు.

మొన్న ఆ లిచ్‌తో ఫైట్ పెట్టాను. నెలల తరబడి బిల్డప్ ఇచ్చిన విలన్. విజార్డ్ టెలిపోర్ట్ కొట్టి అందర్నీ నేరుగా సింహాసనం ముందు దింపాడు. ఇనిషియేటివ్, అంటే మొదటి వంతు, ఫైటర్‌కి వచ్చింది. యాక్షన్ సర్జ్‌తో (ఒకే టర్న్‌లో ఇంకోసారి కొట్టే శక్తి) ఆరు దెబ్బలు వేస్తే ఐదు తగిలాయి. వెనకే పాలడిన్ రెండు స్మైట్లు (దైవశక్తి కలిపిన దెబ్బలు). లిచ్‌కి పుస్తకంలో ఉన్నదే 135 హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు). నేను రాసుకున్న డైలాగ్ సగం కూడా చదవకముందే అయిపోయాడు. వాళ్లు చప్పట్లు, నేను టీ పెట్టడానికి లోపలికి.

తర్వాతది ఏన్షియంట్ రెడ్ డ్రాగన్. దాని గతీ ఇంతేనా అని టెన్షన్. హెచ్‌పీ రెట్టింపు చేస్తే ఫైట్ సాగుతుంది గానీ పస ఉండదు. విజార్డ్ స్పెల్స్‌లో టెలిపోర్ట్, ఫోర్స్‌కేజ్ (మాయ బోను), విష్ (కోరింది జరిపించేది) బ్యాన్ చేసేద్దామా?

చుట్టుగుంట_రోగ్:
ఒంటరి విలన్‌ని పెడితే ఎప్పుడైనా ఇంతే. వాళ్లకి రౌండ్‌కి నాలుగు టర్న్‌లు, వాడికి ఒక్కటి. చుట్టూ నలుగురు అనుచరుల్ని పెట్టండి, లెజెండరీ యాక్షన్లు (వేరేవాళ్ల టర్న్ అవ్వగానే విలన్ చేసే అదనపు పనులు) మర్చిపోకుండా వాడండి. మూడింట్లో ఒకటి వాడి రెండు వదిలేసే డీఎంలే ఎక్కువ.

బ్రాడీపేట_మాస్టారు:
తమ్ముడూ, లిచ్ చచ్చాడని ఎవరన్నారు నీకు? ఫిలాక్టరీ (వాడి ప్రాణం దాచిన వస్తువు) పగలకపోతే ఒక డీ10, అంటే పది ముఖాల పాచిక, వేసుకో, అన్ని రోజుల్లో కొత్త ఒంటితో దాని పక్కనే లేచి కూర్చుంటాడు. చిన్నప్పుడు మనం విన్న కథల్లో మాంత్రికుడు ప్రాణం చిలకలో దాచుకుని రాలేదా? నీది కొండపల్లి. తెల్ల పొణికి చెక్కతో చేసిన చిలక బొమ్మలో ఫిలాక్టరీ పెట్టు, లోపల పల్చగా సీసపు రేకు వెయ్యి. వస్తువుల్ని వెతికే లొకేట్ ఆబ్జెక్ట్ స్పెల్ సీసాన్ని దాటలేదు. అలాంటి చిలకలు బొమ్మల అంగళ్లలో ఎన్నుంటాయో నువ్వే చెప్పు. డైలాగ్ మిగతా సగం అప్పుడు చదువుకుందువుగాని.

ఇక అసలు సంగతి. డీఎం గైడ్ పుస్తకంలో కథలో రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఎన్‌కౌంటర్లు (పోరాటాలు) అని లెక్క కట్టారు. నువ్వు పెట్టేది ఒకటి. 17వ లెవెల్ విజార్డ్‌కి 19 స్లాట్లు, ఒక్కో స్పెల్‌కి ఒకటి ఖర్చవుతుంది. అవన్నీ ఒకే గదిలో దులిపేసి, బయటికొచ్చి ఎనిమిది గంటలు పడుకుంటాడు (లాంగ్ రెస్ట్), అన్నీ తిరిగొస్తాయి. వాడికేం పోయింది?

భారతంలో చూడు. అర్జునుణ్ని ఓడించే మొనగాడి కోసం కౌరవులు వెతుక్కుంటూ కూర్చోలేదు. పదమూడో రోజు సంశప్తకులు సవాలు చేసి అతన్ని దక్షిణానికి లాక్కెళ్లారు, ఇక్కడ ద్రోణుడు పద్మవ్యూహం పన్నాడు. అభిమన్యుడు లోపలికెళ్లాక మిగతా పాండవుల్ని శివుడి వరంతో సైంధవుడు గుమ్మంలోనే ఆపేశాడు. మర్నాడు మళ్లీ పొద్దుగుంకే లోపు అని గడువు. గాండీవం ఎవడి చేతిలో ఉంటే ఏం, ఒకే మనిషి రెండు చోట్ల ఉండలేడు. (కృష్ణుడు పక్కనుంటే సూర్యుణ్నే మాయ చేస్తాడు, నిజమే. నీ క్లెరిక్ కూడా డివైన్ ఇంటర్వెన్షన్ అని దేవుడి సాయం అడుగుతాడు. ఆ లెవెల్లో నూటికి 17 పాళ్లే ఛాన్స్. అడగనీ.)

అలా పెట్టు. ఒకే రోజు ఖిల్లాలో లిచ్ శిష్యుల క్రతువు. కింద ఆనకట్ట గేట్లు ఎవరో ఎత్తేస్తున్నారు, లంక ఊళ్లు మునిగిపోతాయి. పైన డ్రాగన్. అన్నిటికీ గడువు సూర్యాస్తమయం. లాంగ్ రెస్ట్ ఊసే ఉండదు.

టెలిపోర్ట్ మాత్రం బ్యాన్ చెయ్యకు. ఇలాంటి పెద్ద స్పెల్స్‌కి కావాల్సిన ఏడు, ఎనిమిది, తొమ్మిది స్థాయిల స్లాట్లు వాడికి ఒక్కొక్కటే. మూడుసార్లు ఎగిరాడంటే ఇక ఫోర్స్‌కేజూ లేదు, విషూ లేదు. పైగా ఒక్కసారికి తనతోపాటు ఎనిమిది మందినే తీసుకెళ్లగలడు. లంకలో ఊరు ఊరంతా ఉంది. ఎప్పుడూ చూడని చోటికి, ఎవరో చెప్పిన గుర్తులు పట్టుకుని ఎగిరితే నూటికి 43 పాళ్లు మిషాప్, స్పెల్ వికటించి దెబ్బ తింటారు. ఖిల్లాలోకి అసలు దిగనివ్వకు. లిచ్ కొలువులో ఒక పూజారి 30 రోజులు వరసగా, టెలిపోర్ట్‌ని అడ్డుకునే ఫర్బిడెన్స్ స్పెల్ అక్కడే వేస్తే, ఎవరైనా డిస్పెల్ చేసి తీసేసేదాకా అది ఉంటుంది. కొండెక్కి రమ్మను.

ఇంకోటి. లెజెండరీ రెసిస్టెన్స్ (సేవ్, అంటే స్పెల్ తప్పించుకునే పాచిక, తప్పినా గెలిచినట్టు మార్చుకునే విలన్ శక్తి) దాచిపెట్టకు. నేను నా నోట్స్ దాచుకునే అట్ట స్క్రీన్ ముందు మూడు గవ్వలు పెడతాను. విలన్ సేవ్ తప్పి రెసిస్టెన్స్ వాడినప్పుడల్లా ఒక గవ్వ తీసి జేబులో వేసుకుంటాను. నా స్పెల్ వేస్ట్ అయిందన్న ఏడుపు పోయి, ఒక గవ్వ రాలగొట్టామన్న లెక్క వస్తుంది. ఒకే గవ్వ మిగిలినప్పుడు చూడాలి, ఎవడి ఫోనూ బయట కనపడదు.

గుణదల_విజార్డ్:
మాస్టారూ, వినడానికి బాగుంది. కానీ పార్టీ మూడు ముక్కలైతే ఒకడు ఆడుతుంటే మిగతావాళ్లు రీల్స్ చూస్తూ కూర్చుంటారు. ఇన్నాళ్లు కలిసి ఆడి చివరికి విడివిడిగా ఎందుకు? విష్ బ్యాన్ అంటే మాత్రం నేను ఏ టేబుల్ నుంచైనా లేచిపోతా.

బ్రాడీపేట_మాస్టారు:
ఖాళీగా ఉన్నవాళ్ల చేతికి విలన్ లెజెండరీ యాక్షన్లు ఇచ్చెయ్యాలి. తోటివాడి మీద వాళ్లకున్నంత కసి డీఎంకి ఎక్కడిది? దెబ్బ పడబోయే చోట ఆపి, పక్క సీన్‌కి వెళ్లాలి. అయినా విడిపొమ్మని నేను చెప్పట్లేదు. నలుగురూ కలిసి ఒకేచోటికి వెళ్తామంటే వెళ్లనీ. మిగతా రెండు చోట్ల జరగాల్సింది జరుగుతుంది, అంతే. ఆ మాట సెషన్ మొదట్లోనే చెప్పెయ్యాలి. తర్వాత చెబితే తిడతారు.

పటమట_డీఎం:
మాస్టారూ, గవ్వలు ఖాయం. డ్రాగన్ సంగతి చెప్పండి, వాళ్ల మీదకే దింపేదా?

బ్రాడీపేట_మాస్టారు:
ఎందుకు దింపడం? రౌండ్‌కి 80 అడుగులు ఎగురుతుంది, ఫైటర్ కత్తికి అందేంత దగ్గరికి రావాల్సిన పనేముంది? లంకలో ఉన్నవి పూరిళ్లు. బ్రెత్, అంటే నోటి మంట, 26డీ6 (ఆరు ముఖాల పాచికలు 26), సగటున 91 హెచ్‌పీ దెబ్బ. నీ పాలడిన్ తట్టుకుంటాడు, తాటాకు కప్పు తట్టుకోదు. అది ఇళ్ల మీదకి పోనీ. వెంటపడాల్సింది వీళ్లు.

పటమట_డీఎం:
సూపర్. ఒక్క నిమిషం. గుణదల, విజార్డ్, విష్... ఒరేయ్, నువ్వేనా?

గుణదల_విజార్డ్:
నేనే అన్నా. చిలక కూడా బాగుంది.

పటమట_డీఎం:
అయిపోయింది. మాస్టారూ, చిలకని తీసేసి దశావతారాల సెట్టో, ఏనుగు అంబారీయో పెట్టాలిప్పుడు.

బ్రాడీపేట_మాస్టారు:
ఫిలాక్టరీని మార్చుకో, చిలకని మాత్రం తియ్యకు. సీసం రేకు కూడా అలాగే ఉండనీ. దాన్ని వెతకడానికి మనవాడు ఎన్ని స్లాట్లు తగలేస్తాడో చూద్దాం.