ఈ46 ఎమ్3: రోజూ రోడ్డు మీద తిరిగే కారుకి ఎక్కువకాలం నిలిచే సస్పెన్షన్ పార్టులు ఏవి?

వంపుదారి:
అందరికీ నమస్కారం. నాది బీఎమ్‌డబ్ల్యూ ఈ46 ఎమ్3, మాన్యువల్. రోజూ ఆఫీసుకి ఇందులోనే వెళ్తాను, సెలవు దొరికితే కొండదారులు. ట్రాక్‌కి తీసుకెళ్లే ఆలోచన లేదు. పాత ఓనరు వేయించిన కాయిలోవర్లతోనే (ఎత్తు మార్చుకోగల స్ప్రింగ్, డాంపర్ సెట్) కొన్నాను. ఇప్పుడు వెనక కుడి డాంపర్ (షాక్ అబ్జార్బర్) నుంచి ఆయిల్ కారుతోంది. ముందు రెండింటికీ మరలు తుప్పు పట్టి, ఎత్తు మార్చే కాలర్ తిరగనే తిరగడం లేదు. చిన్న గుంత పడినా వెనక నుంచి టక్కుమంటోంది. గట్టిగా బ్రేక్ తొక్కితే కారు వెనక భాగం కాస్త పక్కకి జరిగినట్టు అనిపిస్తోంది.

మళ్లీ మళ్లీ విప్పే పని లేకుండా ఒకేసారి మంచివి వేయిద్దామని ఉంది. బిల్‌స్టీన్ బీ8 డాంపర్లతో కారు ఎత్తు దించే స్ప్రింగులా, కేడబ్ల్యూ స్టెయిన్‌లెస్ కాయిలోవర్లా, ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాకా? బుష్‌లన్నీ (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) పాలీవి, అంటే పాలీయురెథేన్‌వి వేసేస్తే ఇక చూసుకోనక్కర్లేదని ఒకరన్నారు, నిజమేనా?

టార్క్‌రెంచ్:
బ్రాండు సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీరు చెప్పిన వాటిలో ఆయిల్ కారడం, మరల తుప్పు మాత్రమే కాయిలోవర్లవి. బ్రేక్ తొక్కినప్పుడు వెనక భాగం జరుగుతోందంటే మొదట అనుమానించాల్సింది, వెనక చక్రాన్ని బాడీకి కలిపే పొడుగు చేయి లాంటి ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌ని. టక్కుమనేది చాలావరకు వెనక డాంపర్ పై కొసని బాడీకి బిగించే టాప్ మౌంట్. ఈ రెండూ పోయిన కారుకి ఎంత మంచి డాంపర్ వేసినా ఆ లక్షణాలు అలాగే ఉంటాయి.

అన్నిటికన్నా ముందు కారు లిఫ్ట్ ఎక్కించి, వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ని మోసే చట్రం) బాడీకి బిగిసే నాలుగు చోట్లా చూడండి. ఈ మోడల్‌లో అక్కడి ఫ్లోర్ రేకు పగిలే సమస్య అందరికీ తెలిసిందే. అండర్‌సీల్ (అడుగున పూసే పూత) మీద నుంచి చూస్తే పగులు కనబడదు, గీకి చూడాలి. పగులుంటే వెల్డింగ్, రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్లేట్లు అయ్యాకే మిగతా పని. గట్టి బుష్‌లు వేస్తే అంతకుముందు రబ్బరు మింగిన దెబ్బంతా నేరుగా ఆ రేకుకే చేరుతుంది.

ఇక పాలీ బుష్‌ల మాట. ట్రెయిలింగ్ ఆర్మ్ పైకీ కిందికీ ఊగడమే కాదు, పక్కనున్న ఆర్మ్‌లు లాగుతుంటే కొంచెం మెలి కూడా తిరుగుతుంది. రబ్బరు దానికి లొంగుతుంది. పాలీ లొంగక పట్టేస్తుంది, మెల్లగా దాని అంచులు నలిగిపోతాయి. మీరు వాడే తీరుకి అక్కడ కొత్త రబ్బరు బుష్, దానికి పక్కన పెట్టే బిళ్లలు, అంటే లిమిటర్ షిమ్‌లు చాలు. పక్కకి జరగడం షిమ్ ఆపుతుంది, మెలికని రబ్బరు చూసుకుంటుంది.

బుష్ ఎంత మంచిదైనా బిగించే పద్ధతి తప్పితే నిలవదు. రబ్బరు లోపలి స్లీవ్‌కి అతుక్కుని ఉంటుంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, కారు కిందికి దించగానే రబ్బరు మెలిపడి ఇక అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత పడే ప్రతి గుంతా ఆ మెలికని ఇంకా లాగుతుంది. అందుకే ఆఖరి టార్క్ కారు నేల మీద నిలబడే ఎత్తులోనే ఇవ్వాలి. మెకానిక్ పక్కన నిలబడి మరీ చెప్పండి, ఈ ఒక్కచోట మొహమాటం వద్దు. ట్రెయిలింగ్ ఆర్మ్ బ్రాకెట్‌ని జరిపే వెనక టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సెట్ చేస్తారు కాబట్టి, పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పదు.

డాంపర్ల విషయానికొస్తే, బిల్‌స్టీన్‌లో బీ6 స్టాక్ (కంపెనీ ఇచ్చిన) ఎత్తుకి, బీ8 దించిన కారుకి పొట్టిగా చేసినవి. మీ ఎమ్3కే సరిపోయే పార్టు నంబరు చూసుకుని కొనండి. మామూలు ఈ46వి తెచ్చి సర్దొద్దు. కారుని 30 మిల్లీమీటర్లు దించితే చక్రం పైకి వెళ్లే దూరంలోంచి ఆ 30 పోయినట్టే. మిగిలిన కాస్తా అయిపోగానే డాంపర్ చివర ఆపే దిమ్మ, అంటే బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. సీలు, వాల్వులు, మౌంటు అన్నీ కలిసి ఆ దెబ్బ తింటాయి. డాంపర్లు తొందరగా పోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. 15, 20 మిల్లీమీటర్లకి మించి దించకండి.

కాయిలోవరే కావాలంటే గట్టిదనం మార్చే క్లిక్కులు ఎన్నున్నాయో చూసి మురిసిపోకండి. సీలు, ఆయిలు మార్చి మళ్లీ కట్టించుకునే వీలుందా, విడి పార్టులు దొరుకుతాయా, అవి అడగండి. ఓలిన్స్, కేడబ్ల్యూలలో ఆ వీలుంది. తుప్పు అనుభవం మీకు ఎలాగూ అయింది కాబట్టి కేడబ్ల్యూ స్టెయిన్‌లెస్ బాడీ మీకు పనికొస్తుంది.

ఇంకొకటి. ఈ కారులో వెనక స్ప్రింగ్ డాంపర్ మీద కాక విడిగా ఒక ఆర్మ్ మీద కూర్చుంటుంది. దాన్ని డాంపర్ మీదికే ఎక్కించే సెట్లు కూడా అమ్ముతారు, తీసుకోవద్దు. డాంపర్ పై మౌంట్ బిగిసే రేకు కారు బరువు మోయడానికి చేసింది కాదు.

స్టీల్‌కాలర్:
ట్రెయిలింగ్ ఆర్మ్ దగ్గర పాలీ వద్దన్న మాట నిజం. కానీ పాలీ మొత్తానికే పనికిరాదు అనుకోవద్దండి. ఒకే ఇరుసు మీద తిరిగే చోట, ఉదాహరణకి మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ బుష్‌లకి, అది చాలాకాలం నిలుస్తుంది. నా కారులో అవే ఉన్నాయి. సిలికోన్ గ్రీజు పెట్టాలి, మామూలు చాసిస్ గ్రీజు పెట్టకూడదు. గ్రీజు ఎండితే కిర్రుమంటుంది, అప్పుడు విప్పి మళ్లీ పెట్టుకోవాలి.

డస్ట్ బూట్ లేని స్ఫెరికల్ బేరింగులు (రబ్బరు లేని గుండు కీళ్లు) మాత్రం రోడ్డు కారుకి వేయొద్దు. దుమ్ము, నీళ్లు చేరితే లోపలి లైనర్ అరిగి మోత మొదలవుతుంది. అలాంటి బేరింగే ఉండే ముందు పిల్లోబాల్ టాప్ మౌంట్లకీ ఇదే వర్తిస్తుంది.

వంపుదారి:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఇవాళ లిఫ్ట్ ఎక్కించాం. అండర్‌సీల్ గీకి చూస్తే సబ్‌ఫ్రేమ్ చోట్లన్నీ శుభ్రంగా ఉన్నాయి, మనసు కుదుటపడింది. వెనక టాప్ మౌంట్లు రెండింట్లోనూ రబ్బరు ఊడిపోయింది. ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లు చీలి ఉన్నాయి. అవి రబ్బరువే తెప్పిస్తున్నాను, షిమ్‌లతో సహా.

ఇంకో సందేహం అన్నా. నేను చూస్తున్న కాయిలోవర్ సెట్‌లో స్ప్రింగులు ముందు 60, వెనక 100 న్యూటన్/మి.మీ. వెనక మరీ రాయిలా ఉంటుందా?

టార్క్‌రెంచ్:
అంకె చూసి భయపడకండి. వెనక స్ప్రింగ్ ఆర్మ్ మధ్యలో ఉంటుంది కాబట్టి చక్రం దగ్గరికొచ్చేసరికి అందులో సగం కన్నా తక్కువే మిగులుతుంది. 100కి 45 అనుకోండి. ముందు స్ట్రట్ (డాంపర్, స్ప్రింగ్ కలిసి ఉండే కాలు) చక్రానికి దగ్గర, అక్కడ 60కి దాదాపు 54 నిలుస్తుంది. ఈ కారులో ఒక్కో చక్రం మీద స్ప్రింగ్ మోసే బరువు 350 కిలోలు అనుకుని లెక్కేస్తే ముందు సుమారు 2 హెర్ట్జ్ (సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె), వెనక 1.8 వస్తుంది. మామూలు కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. అంటే మీ సెట్‌లో గట్టిగా ఉన్నది వెనక కాదు, ముందు. రోజూ తిరిగే కారుకి ముందు 45 ఉంటే 1.7కి వస్తుంది. వెనక దానికన్నా కాస్త ఎక్కువగా ఉంటే గతుకు దాటాక కారు ముందుకీ వెనక్కీ ఊగకుండా తొందరగా కుదురుకుంటుంది. కాబట్టి ముందు స్ప్రింగ్ 45 ఇవ్వగలరా, ఆ స్ప్రింగ్‌కి డాంపర్ వాల్వింగ్ (లోపలి వాల్వుల అమరిక) సరిపోతుందా అని కంపెనీకే రాసి అడగండి. సరిపోదంటే ఆ సెట్ వదిలేయండి.

టాప్ మౌంట్లు మార్చేటప్పుడు పైన రేకుకి రీఇన్‌ఫోర్స్‌మెంట్ ప్లేట్లు కూడా వేయించండి. ఎలాగూ ట్రంక్ లైనింగ్ తీస్తారు. అలైన్‌మెంట్‌లో క్యాంబర్ (చక్రం పక్కకి ఒరిగి ఉండే కోణం) కన్నా టో మీద కన్నేసి ఉంచండి, టైరుని తొందరగా తినేది అదే. ప్రింట్ తీసుకుని ఇక్కడ పెట్టండి, చూద్దాం.