తూటాలు చేసే కొత్త ప్రోగ్రెసివ్ ప్రెస్: పౌడర్ ఒలుకుతోంది, ప్రైమర్లు పైకి ఉంటున్నాయి

ప్రశ్న:
టెక్సస్‌లో ఉంటాను. 9 ఎంఎం పిస్టల్ తూటాలు ఇంట్లో చేసుకోవడానికి ఐదు స్టేషన్ల ఆటో ఇండెక్స్ ప్రెస్ (హ్యాండిల్ లాగినప్పుడల్లా ప్లేట్ తనే తిరిగి కేసుల్ని తర్వాతి స్టేషన్‌కి చేర్చేది) బిగించాను. ఇన్నాళ్లూ సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒక్క పనే చేసే ప్రెస్) మీదే చేశాను, డైలు (కేసుని, బుల్లెట్‌ని నొక్కే అచ్చులు) నాకు కొత్త కాదు. ప్లేట్ టక్కున ఆగగానే కేసులోంచి (తూటా లోహపు గొట్టం) పౌడర్ ఎగిరి బయట పడుతోంది. ఇరవైలో రెండు మూడు ప్రైమర్లు (కేసు అడుగున ఉండి పౌడర్‌ని అంటించే చిన్న బిళ్లలు) పైకి ఉండి గోటికి తగులుతున్నాయి. ఒక్క కేసుతో 1.130 అంగుళాలకి పెట్టిన తూటా పొడవు, అన్ని స్టేషన్లూ నిండాక 1.136 వస్తోంది. ముందు ఏది చూడాలి?

జవాబు 1:
ముందు షెల్ ప్లేట్ (కేసులు నిలబడి తిరిగే ప్లేట్) చూడండి. బోల్టు తిరగనంత బిగించి, ప్లేట్ స్వేచ్ఛగా తిరిగేదాకా కొద్ది కొద్దిగా వదలండి. వేలితో ఎత్తితే పైకీ కిందికీ ఆడకూడదు. అక్కడ సెట్ స్క్రూ బిగించేయండి, లేకపోతే నడుస్తుండగానే బోల్టు వదులవుతుంది. ప్లేట్ వదులుగా ఉంటే ప్రైమర్‌ని కింద నుంచి తోసినప్పుడు ప్లేటే లేస్తుంది, ఆ మేరకు ప్రైమర్ లోపలికి దిగదు. అది కేసు అడుగుకంటే 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండాలి.

అప్పటికీ తగులుతుంటే హ్యాండిల్‌ని ముందుకి చివరిదాకా తోస్తున్నారో లేదో చూసుకోండి. కేసు అడుగున వృత్తంలో ప్లస్ గుర్తుంటే అది నాటో (సైనిక) సరుకు. దాని ప్రైమర్ గుంటకి క్రింప్ (లోపలికి నొక్కిన అంచు) ఉంటుంది, స్వేజ్ చేయకుండా (ఆ అంచుని తిరిగి వెడల్పు చేయకుండా) వాడితే ఇదే గోల. లోడైన తూటాలో పైకున్న ప్రైమర్‌ని మాత్రం మళ్లీ ప్రెస్‌లో నొక్కొద్దు, పక్కన పెట్టేయండి.

పొడవు తేడా లోపం కాదు. కేసుని సరైన కొలతకి నొక్కే సైజింగ్ డైలో కేసు దూరేటప్పుడు పడే బరువుకి ప్లేట్ కాస్త వంగుతుంది, బుల్లెట్ ఆ మేరకు తక్కువ దిగుతుంది. అందుకే బుల్లెట్‌ని కేసులోకి దింపే సీటింగ్ డైని అన్ని స్టేషన్లూ నిండాకే ఖరారు చేయాలి. అలా చేస్తే కేసులు అయిపోతున్నప్పుడు వచ్చే చివరివి పొట్టిగా వస్తాయి. 9 ఎంఎంలో పొడవు తగ్గితే ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి వాటిని కొలవకుండా డబ్బాలో వేయొద్దు. పై హద్దు 1.169 అంగుళాలు, కానీ మీ బ్యారెల్ అంత ఒప్పుకోకపోవచ్చు. బ్యారెల్ విప్పి తూటా వేసి చూడండి: టక్‌మని పడాలి, వేలితో తిప్పితే తిరగాలి.

జవాబు 2:
పౌడర్ ఒలకడానికి కారణం ప్లేట్ కింది ఇండెక్స్ బాల్ (ప్లేట్‌ని ఒక్కో స్టేషన్ దగ్గర ఆపే గోళీ), దాని స్ప్రింగ్. స్ప్రింగ్ బిరుసుగా ఉంటే ప్లేట్ గుంటలోకి దబ్బున పడుతుంది. మెత్తటి స్ప్రింగ్ వేస్తే సగం తగ్గుతుంది, మిగతా సగం చేతిలో ఉంది: ఇండెక్స్ అయ్యే చివరి రెండంగుళాల్లో హ్యాండిల్ నెమ్మదించండి. ఒలికిన పౌడర్‌ని బ్రష్‌తో తుడుస్తూ ఉండండి. ప్లేట్ కిందికి చేరిందంటే ప్రైమర్లు మళ్లీ పైకొస్తాయి.

ఒలకడం చిరాకే, ప్రమాదం వేరే చోట ఉంది అన్నా. ఏదైనా ఇరుక్కుని స్ట్రోక్ సగంలో ఆగితే పౌడర్ కొలత సగమే పడొచ్చు, రెండుసార్లూ పడొచ్చు. చాలా ఫాస్ట్ (త్వరగా మండే) పౌడర్లు 9 ఎంఎం కేసులో సగం కూడా నింపవు, డబుల్ పడినా పైకి పొర్లదు. సగం పడితే బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కోవచ్చు, దాని వెనకాల ఇంకోటి పేలిస్తే తుపాకీ పోతుంది. అందుకే స్ట్రోక్ తెగితే పౌడర్ స్టేషన్ నుంచి బుల్లెట్ పెట్టే దాకా ఉన్న కేసులన్నీ తీసి పౌడర్ ఒంపేయండి. మూడో స్టేషన్‌లో పౌడర్ చెక్ డై (కేసులో పౌడర్ మట్టం చూసేది) పెట్టినా, అది పెద్ద తేడాలే పడుతుంది. ప్లేట్ మీద లైటు బిగించి, బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేసులోకీ చూడాల్సిందే.

అడిగినవారు:
ప్లేట్ నిజంగానే వదులుగా ఉంది, సెట్ స్క్రూ బిగించలేదు. పౌడర్ కొలత 0.2 గ్రెయిన్ (పౌడర్ తూచే చిన్న కొలమానం) అటూ ఇటూ ఆడుతోంది, అది కూడా ఇందువల్లేనా?

జవాబు 3:
కాదు, అది కొత్త మెజర్ (పౌడర్ కొలిచి పోసే భాగం) గుణం. ఫ్యాక్టరీ నూనె ఉంటే పూర్తిగా తుడిచి, ఒక హాపర్ (మెజర్ మీది పౌడర్ డబ్బా) నిండా పౌడర్ నడిపి తిరిగి పోసేయండి. ఎలక్ట్రానిక్ త్రాసుని అరగంట ముందే ఆన్ చేసి, చెక్ వెయిట్‌తో సరిచూసి, ఏసీ గాలి తగలకుండా పెట్టండి. పది కొలతలు కలిపి తూచి పదితో భాగించండి, తర్వాత విడివిడిగా ఐదు. లోడ్ అంకె (తూటాకి ఎంత పౌడర్ అన్నది) పౌడర్ కంపెనీ మాన్యువల్‌ది మాత్రమే తీసుకోండి, ప్రారంభ కొలతతో మొదలుపెట్టండి.

ప్రైమర్ ట్యూబ్ ఇరుక్కుంటే కడ్డీతో పొడవొద్దు, కంటి అద్దాలు తీయొద్దు. ఇండియాలో ఉండి చదువుతున్నవారికి ఒక మాట: అక్కడ 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.